మొలక, పసుపు కాగితం, ఉప్పునీళ్లలో గుడ్డు: 3, 4, 5 తరగతుల్లో చేయిస్తూ చదివించడం ఎలా

పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో ప్రయోగం చేయించి, తెలుగు పీరియడ్‌లో దానితో సంబంధం లేని పాఠం చదివిస్తే రెండూ అరకొరగానే మిగులుతాయి. గ్లాసులో గింజ పగిలి వేరు రావడం కళ్లారా చూసిన పిల్లకి, మర్నాడు చార్టు మీద "వేరు" అన్న మాట కనబడితే కూడబలుక్కోవాల్సిన పని సగం తగ్గిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి పనిలోనూ చేయడం ఒక చెయ్యి, చదవడం ఇంకో చెయ్యి. ఒకే టీచరు మూడు తరగతులు చూసుకునే బడిలో కూడా ఇవి సాగుతాయి. 3వ తరగతి పిల్లలు చెబుతారు, 4వ తరగతి వాళ్లు రాస్తారు, 5వ తరగతి వాళ్లు కొలుస్తారు. వస్తువులన్నీ వంటింట్లోవే.

గ్లాసులో మొలక: సోమవారం నుంచి శనివారం దాకా

ఆరుగురు పిల్లల జట్టుకు కావలసినవి: లోపలిది బయటికి కనబడే గ్లాసు ఒకటి (పైభాగం కోసేసిన నీళ్ల సీసా అయినా సరే, కోసిన అంచుకు టేపు వేయండి), పాత నూలు గుడ్డ ముక్క, ఒక న్యూస్‌పేపరు, పెసలు నాలుగు, అలసందలు పది. కొన్ని ఊళ్లలో వీటినే బొబ్బర్లంటారు. పెసలు త్వరగా మొలుస్తాయి. అలసంద గింజ పెద్దది కాబట్టి లోపలి భాగాలు బాగా కనబడతాయి. రెండూ ఉంటే పోల్చడానికి వీలుంటుంది.

గింజలు వంటింటి డబ్బాలోవే తెప్పించండి. విత్తనాల దుకాణం నుంచి వచ్చిన గింజలకు గులాబీ, ఎరుపు, నీలం రంగు పూసి ఉంటే అవి మందు పట్టించినవి, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. "గింజలు తెండి" అని ఊరికే చెబితే పిల్లలు దారిలో దొరికినవన్నీ ఏరుకొస్తారు. ఆముదం, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజలు విషం. ఏ గింజలు తేవాలో పేరు పెట్టి చెప్పండి.

1. సోమవారం ప్రార్థన అవగానే పది అలసందలను స్కేలు పక్కన వరసగా పేర్చి, ఎంత పొడవు వచ్చిందో నేల మీద సుద్దతో గీయించండి. తర్వాత నీళ్లలో వేయండి. గంట తిరక్కుండానే తొక్క ముడతలు పడటం మొదలవుతుంది, చూడమనండి. 
2. చివరి పీరియడ్‌లో అవే గింజల్ని మళ్లీ అదే గీత పక్కన పేర్పించండి. వరస గీత దాటి పోతుంది. ఎంత దాటిందో 5వ తరగతి వాళ్లు కొలిచి రాయాలి.
3. గుడ్డను గ్లాసు లోపలి గోడకు ఆనేలా చుట్టి పెట్టండి. మధ్యలో న్యూస్‌పేపరు నలిపి కూరితే గుడ్డ గోడకు అంటుకుని నిలబడుతుంది.
4. గుడ్డకూ గోడకూ నడుమ గింజలు దూర్చండి. అంచుకు రెండు వేళ్ల కింద ఉండాలి. అలసందకు ఉన్న నల్ల కన్ను ఒకదానికి పైకి, ఒకదానికి కిందికి, ఒకదానికి పక్కకు ఉంచండి. వేరు ఎటు పోతుందో ఇప్పుడే ఊహించి చెప్పించండి.
5. గుడ్డ తడిసి, అడుగున వేలి మందం నీళ్లు నిలిచేదాకా పోయండి. నీళ్లు గింజను తాకకూడదు. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టండి.

సోమవారమే ఎందుకంటే, గురువారం మొదలుపెడితే అసలు చూడాల్సిన రోజు ఆదివారం అవుతుంది. వెచ్చని రోజుల్లో బుధవారానికి పెసల వేళ్లు బాగా కనబడతాయి. చలికాలంలో ఇంకో రోజు పడుతుంది.

చాలా గ్లాసులు పాడయ్యేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. ఆరుగురూ ఆరు మూతల నీళ్లు ప్రేమగా పోస్తారు. గింజలు మునిగి, గాలి ఆడక, గురువారానికి కుళ్లు వాసన కొడతాయి. జట్టులో ఒక్కరికే నీళ్ల పని అప్పగించి, గ్లాసు మీద నీటి మట్టం గీత గీయించండి. ఇంకో గందరగోళం బూజు. వేరు మీద, కొసకు కొంచెం పైన, దూదిలాంటి తెల్లని నూగు కనబడగానే "బూజు పట్టింది" అని పారబోసేస్తారు. అది బూజు కాదు, వేరుకు ఉండే మూలకేశాలు. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరిస్తే అవి వేరుకు అంటుకుపోయి కనబడకుండా పోతాయి. బూజైతే గింజ తొక్క మీదా గుడ్డ మీదా పాకుతుంది, ముక్క వాసన కూడా వస్తుంది.

గురువారం గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. అడుగు నీళ్లు ముందే ఒంపేయాలి, గుడ్డ తడిగా ఉంటే చాలు. అది దొర్లకుండా రెండు వైపులా పుస్తకాలు పెట్టండి. శుక్రవారం వచ్చి చూస్తే అడ్డంగా ఉన్న వేరు కొస మళ్లీ కిందికి వంగి ఉంటుంది. వారం మొత్తంలో పిల్లలు అరిచేంత ఆశ్చర్యపోయేది ఇక్కడే.

పోలిక కోసం టీచరు బల్ల మీద ఇంకో మూడు గ్లాసులు పెట్టండి: ఒకదాంట్లో పుట్నాలు, ఒకదాంట్లో పొట్టు పెసరపప్పు, ఒకదాంట్లో పూర్తిగా నీళ్లలో మునిగిన పెసలు. పుట్నాలు వేయించినవి, వేడికి లోపలి ప్రాణం పోయింది. పప్పు బద్ద చేసేటప్పుడు అంకురం విరిగిపోయింది. మునిగిన పెసలకు చిన్న మొన బయటికి రావచ్చు, ఆ తర్వాత ఆగిపోయి కుళ్లుతాయి. "మొలిచింది కదా టీచర్" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. శనివారం దాకా ఆగి చూడమనండి.

ఆ గ్లాసు నుంచి చదివే పాఠం

బుధవారం పిల్లల్ని గ్లాసుల చుట్టూ కూర్చోబెట్టి "ఏం జరిగింది?" అని మాత్రం అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే చార్టు మీద రాయండి. నాలుగు నుంచి ఆరు వాక్యాలు చాలు:

గింజ ఉబ్బింది.
తొక్క పగిలింది.
తెల్ల తోక బయటికొచ్చింది.
అది కిందికి పోయింది.

"తోక" అంటే తోకే రాయండి. రెండో రోజు దాని పక్కనే వేరే రంగుతో "వేరు" అని రాసి, రెండు మాటలూ చదివించండి. పిల్ల "అచ్చింది" అంటే "అచ్చింది" అనే రాయాలి, "వచ్చినాది" అంటే అలాగే. వేరుశనగ పెడితే ఒక ఊళ్లో పల్లీలు అంటారు, ఇంకో ఊళ్లో బుడ్డలు అంటారు. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలుంటే ఆ భాషలో గింజను ఏమంటారో అడిగి తెలుగు లిపిలో పక్కనే రాయండి. నోటితో అన్నదీ కంటితో చూసేదీ ఒకటైనప్పుడే మొదటి చదువు కుదురుతుంది. పుస్తకం మాట పక్కన చేర్చడానికి వారమంతా ఉంది.

అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలి, మాటకూ మాటకూ మధ్య రెండు వేళ్ల ఎడం. లేకపోతే వెనక వరస పిల్లలు చూడరు, ముందు వరస వాళ్ల గొంతు అందుకుంటారు.

ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు ఏమిటంటే, తాము చెప్పినవే కాబట్టి పిల్లలు చార్టు చూడకుండానే గడగడా అప్పజెప్పేస్తారు. చదివేస్తున్నారని మనం మురిసిపోతాం. అందుకే గురువారం వాక్యాలను రెండంగుళాల వెడల్పు పట్టీల మీద రాసి, కలిపేసి, జట్టుకు ఇచ్చి వరసలో పెట్టమనండి. అది కుదిరాక ఒక్కో పట్టీని మాటల దగ్గర కత్తిరించండి. తెలుగులో మాటల వరస వదులుగా ఉంటుందన్నది మరవద్దు. "వేరు కిందికి పోయింది", "కిందికి పోయింది వేరు" రెండూ చెల్లుతాయి, రెండోది తప్పని కొట్టేయకండి. వరస నిజంగా తేల్చాల్సిన వాక్యం కావాలంటే "గింజలో నుంచి వచ్చిన వేరు కిందికి పోయింది" ఇవ్వండి. "వచ్చిన" అన్న ముక్కను "వేరు"కు ముందు కాకుండా చివర పెట్టి పైకి చదివితే వాక్యం తెగిపోయినట్టు వాళ్ల చెవికే తెలుస్తుంది.

3వ తరగతికి మాటల్ని అక్షరాలుగా కూడా కత్తిరించవచ్చు. కత్తెర అక్షరానికీ అక్షరానికీ మధ్యనే పడాలి, ఒత్తును ఊడగొట్టకూడదు. తొక్క అంటే తొ, క్క. మొలక అంటే మొ, ల, క. ఈ అయిదు ముక్కలూ బల్ల మీద పోసి కొత్త మాటలు చేయమనండి. కల వస్తుంది, లక్క వస్తుంది, కాసేపటికి ఎవరో ఒకరు "మొక్క" అని కేక పెడతారు. ముందే చెప్పేసి ఆ కేకను పాడుచేయకండి.

"మొలకెత్తింది" దగ్గర మాత్రం బాగా చదివే పిల్లలు కూడా ఆగిపోతారు. మొలక తెలుసు, ఎత్తింది తెలుసు, కలిసిపోయిన మాట తెలీదు. రెండు అట్టల మీద రెండూ రాసి, "క" మీదికి "ఎ"ను జరిపి చూపించండి, మూడో అట్ట మీద "కె" రాయండి. "బయటికొచ్చింది" కూడా ఇదే పద్ధతి. సంధి అన్న పేరు ఇప్పుడే అక్కర్లేదు.

పసుపు కాగితం: రెండు పీరియడ్లు

హారతికి, దిష్టికి ఎర్రనీళ్లు కలపడం పిల్లలు చూసే ఉంటారు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం. కాళ్లకు పెట్టే పారాణి కూడా అదే. "ఎందుకు ఎర్రబడుతుంది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి, జవాబు చెప్పకండి.

ముప్పై మందికి రెండు చెంచాల పసుపు, నాలుగు చెంచాల నీళ్లు కలిపి, నీరు పీల్చే తెల్ల కాగితాలు రెండింటి మీద దూదితో పలచగా పూయండి. నున్నగా మెరిసే కాగితం పనికిరాదు. నీడలోనే ఆరబెట్టాలి. పసుపు మరక పడిన చొక్కా ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది కదా, కాగితం కూడా అంతే. అరగంటలో ఆరాక పొడి దులిపి, అంగుళం వెడల్పు పట్టీలు కత్తిరించి పుస్తకంలో దాచండి. రంగు సరిగా మారకపోతే ప్యాకెట్ పసుపు పక్కన పెట్టి, పసుపు కొమ్ము అరగదీసి మళ్లీ చేసి చూడండి. నిజామాబాద్, దుగ్గిరాల వైపు బడుల్లో కొమ్ము దొరకడం ఎలాగూ కష్టం కాదు.

పరీక్షించాల్సినవి: సున్నపు తేట, చాకలి సోడా నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు, వంట సోడా, షాంపూ, నిమ్మరసం, చింతపండు రసం, మజ్జిగ, ఉప్పునీళ్లు, మంచినీళ్లు. సున్నపు తేట టీచరే చేయాలి. తాంబూలం సున్నం శనగగింజంత గ్లాసుడు నీళ్లలో కలిపి అరగంట ఆగి, పైన తేరినది తీసుకోండి. రాయి సున్నం బడిలోకే తేవద్దు. ఏ ద్రవాన్నీ నాలుకతో చూడకూడదు. సున్నమో సోడానో కంట్లో పడితే వెంటనే మంచినీళ్ల ధార కింద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చుక్క వేసే ముందు ప్రతి జట్టూ పట్టిక గీసుకోవాలి: పేరు, మా ఊహ, చూసింది. ఊహ రాశాకే చుక్క. లేకపోతే చూసినదాన్నే ఊహ గడిలో కూడా రాసేస్తారు.

సున్నం, చాకలి సోడా, బట్టల సబ్బు క్షారాలు, పసుపును ఎర్రగా చేస్తాయి. పొడి సబ్బును పొడి కాగితం మీద రుద్దితే ఏమీ కాదు, తడి ఉండాలి. గొడవ వచ్చేది రెండింటి దగ్గర. వంట సోడా బలహీనమైన క్షారం కాబట్టి మారీ మారని నారింజ రంగు వస్తుంది. సగం మంది "మారింది" అంటారు, సగం మంది "లేదు" అంటారు. పక్కనే చాకలి సోడా పట్టీ పెట్టి పోల్చి చూడమనండి. ఇక షాంపూ. సబ్బు ఎర్రగా చేసింది కాబట్టి షాంపూ కూడా చేస్తుందని ఊహ రాస్తారు, చాలా షాంపూలకు కాగితం పసుపుగానే ఉండిపోతుంది. ప్రయోగం చెడినట్టు కాదు. నురగ వచ్చేదంతా క్షారం కాదని తెలిసింది, అంతే.

అసలు ఇరుకు ఇంకోటుంది. నిమ్మరసానికీ పసుపే, మంచినీళ్లకీ పసుపే. ఆమ్లాన్నీ మంచినీళ్లనీ పసుపు కాగితం వేరుచేయలేదు. అందుకని ముందు పట్టీని సబ్బు నీళ్లతో ఎర్రగా చేసి, దాని మీద నిమ్మ చుక్క వేయించండి. ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. బడి ఆవరణలో ముద్ద మందారమో రేక మందారమో, ఎర్రది ఉంటే ఇంకా మంచిది. రేకును నేరుగా తెల్ల కాగితం మీద రుద్దితే ఊదా రంగు అంటుతుంది. నిమ్మ పడితే ఎర్రగా, సోడా పడితే ఆకుపచ్చగా మారుతుంది. మందార కాగితం అప్పటికప్పుడు చేసుకుంటేనే బాగుంటుంది.

రెండో పీరియడ్ పొడుపు కథలకు. పట్టిక చూసుకుని ప్రతి జట్టూ మూడు వాక్యాలు రాస్తుంది: "పుల్లగా ఉంటాను. ఎర్ర కాగితాన్ని పసుపు చేస్తాను. పులిహోరలో పడతాను. నేనెవరు?" చీటీ పక్క జట్టుకు పోతుంది. వాళ్లు చదివి, జవాబు ఊహించి, చుక్క వేసి రుజువు చేయాలి. పై దానికి నిమ్మకాయా చెల్లుతుంది, చింతపండూ చెల్లుతుంది. అప్పుడు రాసిన జట్టు నాలుగో వాక్యం చేర్చాల్సి వస్తుంది. మంచి వాక్యం రాయడం ఎందుకో చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

చదివితేనే జరిగే పని: ఉప్పునీళ్లలో గుడ్డు

ఇప్పటిదాకా చేసి చదివారు. ఇది తిరగేసిన పని. అట్ట మీద సూచనలు ఉంటాయి, టీచరు నోరు విప్పకూడదు. ఒకరు చదువుతారు, ఇద్దరు చేస్తారు, మిగిలినవాళ్లు సరిగా చేస్తున్నారో లేదో అట్టతో సరిచూస్తారు. అట్ట ఇలా:

1. రెండు గ్లాసుల్లో పావు లీటరు చొప్పున నీళ్లు పోయండి.
2. కుడి గ్లాసులో మాత్రమే ఏడు చెంచాల ఉప్పు వేయండి.
3. ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలపండి.
4. గుడ్డును చెంచా మీద పెట్టి నీళ్లలోకి దించండి. పైనుంచి వదలకండి.
5. రెండు గ్లాసుల్లోనూ చూడండి. చూసింది రాయండి.

ఏడు టీ చెంచాలంటే సుమారు 40 గ్రాములు. మంచినీళ్లలో గుడ్డు మునుగుతుంది, ఉప్పునీళ్లలో తేలుతుంది. ఉడికించిన గుడ్డు అయినా ఇదే ఫలితం. మధ్యాహ్న భోజనంలో ఏ పిల్ల వాటా గుడ్డూ దీనికి వాడకండి. టీచరు ఒక గుడ్డు తెచ్చి ముందు బల్ల మీద చేస్తే చాలు, జట్లకు చిన్న బంగాళదుంప ముక్క ఇవ్వండి. అదీ ఇలాగే మునుగుతుంది, ఇలాగే తేలుతుంది. అప్పుడు అట్టలో "గుడ్డు" బదులు "దుంప ముక్క" అని రాయండి.

తేలకపోతే కారణం దాదాపు ఎప్పుడూ రాళ్లుప్పే. అడుగున కరగకుండా మిగిలి ఉంటుంది. మెత్తటి ఉప్పు వాడండి, లేదా ముందే దంచండి. మంచినీళ్లలోనే గుడ్డు తేలిందంటే అది నిలవ గుడ్డు, మార్చండి. 5వ తరగతికి ఒక కొసరు: తేలే గుడ్డు మీదుగా, గోడకు ఆనించిన చెంచా మీద మంచినీళ్లు మెల్లగా జారవిడిస్తే, ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు పొరగా నిలిచి గుడ్డు నడిమధ్య ఆగుతుంది.

ఈ అట్టలో చదువు పరీక్ష ఉన్నది మూడు చిన్న చోట్ల: "మాత్రమే", "దాకా", "వదలకండి". మాత్రమే చూడకపోతే రెండు గ్లాసుల్లోనూ ఉప్పు పడుతుంది. వదలండి, వదలకండి మధ్య తేడా ఒక్క "క". ఆ అక్షరం మింగేసిన జట్టుకు బల్లంతా నీళ్లు. మీరు దిద్దకండి, అట్ట మళ్లీ చదవమనండి. రెండో వారం మూడో వాక్యం తీసేసిన అట్ట ఇచ్చి, ఏం తక్కువైందో కనిపెట్టమనండి.

ఏడాది పొడుగునా: నీడ పుల్ల

ఇది వారానికి ఒక్కరోజు పని. మైదానంలో చదునైన చోట, నేల పైన సరిగ్గా 30 సెంటీమీటర్లు నిలిచేలా పుల్ల పాతండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడండి. పుల్ల వంకరైతే లెక్కంతా వంకరే. వారానికొకసారి, 11:45 నుంచి 12:45 దాకా పది నిమిషాలకొకసారి నీడ కొసకు గుర్తు పెట్టి, అన్నిటికంటే పొట్టి నీడను కొలిపించండి.

పన్నెండింటికే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. మన గడియారం 82°30′ రేఖాంశానికి పెట్టింది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ అక్కడికి నాలుగు డిగ్రీలు పడమర కాబట్టి అక్కడ పొట్టి నీడ సగటున పావుగంట ఆలస్యంగా పడుతుంది. ఫిబ్రవరిలో అది 12:30కి పడుతుంది, నవంబరు మొదట్లో 12 గంటలకే వస్తుంది.

హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ నిమిషంలో పుల్లకు నీడే ఉండదు. ఇంకా దక్షిణాన ఉన్న ఊళ్లలో మొదటిది ఇంకా ముందు తేదీకి, రెండోది ఇంకా తర్వాతి తేదీకి జరుగుతాయి. జూన్‌లో బడి తెరిచేసరికి మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ఆగస్టు మొదటి వారం దాటాక ఉత్తరానికి మళ్లి, డిసెంబరు చివరకు 26 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఈ లెక్కలు ముందే చెప్పకండి.

గోడ మీద ఒక పట్టిక వేలాడదీయండి: తేదీ, సమయం, పొడవు, ఎటు వైపు, ఒక వాక్యం. కొలిచిన పిల్లే ఆ వాక్యం రాసి, కింద పేరు పెట్టి, మర్నాడు ప్రార్థనలో చదవాలి. మబ్బు పట్టిన రోజు గడి ఖాళీగా వదలనివ్వకండి, "మబ్బు" అని రాయించండి.